పొయ్యికి చెప్పిన మాటలు

మా ఆవిడ రోజూ సాయంత్రం గ్యాస్ పొయ్యితో మాట్లాడుతుంది. గొణుక్కోవడం కాదు. నింపాదిగా, మధ్యమధ్య ఆగి, అవతలివాళ్ళు ఏదో అన్నట్టు తలాడించి మరీ మాట్లాడుతుంది. ఇదివరకు నేను హాల్లో కుర్చీలో కూర్చుని వంటింట్లోకి చూస్తూండేవాణ్ణి. నా వైపు ఒక్క చూపు కూడా పడేది కాదు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మొగుడి కన్నా మొన్న సర్వీసింగ్ చేయించిన పొయ్యి ఎక్కువైపోయిందా అని మొదట్లో ఒళ్ళు మండేది. టీవీ సౌండు పెంచేవాణ్ణి. తరవాత కోపం పోయి దిగులు పట్టుకుంది. టీవీ సౌండు మాత్రం తగ్గించలేదు.

ఆవిడ మాట్లాడేది తెలుగు కాదు, లోరుం. ఈ పేరు మీరు విని ఉండరు. అరుణాచల్‌లో టిబెట్ సరిహద్దు దగ్గర ఒక లోయలో పుట్టిన భాష. చైనా-టిబెటన్ కుటుంబంలోదని పండితుల మాట. ఇవాళ ప్రపంచం మొత్తం మీద ఆ భాష వచ్చిన మనిషి మా వకుళ ఒక్కతే. ఉండేది ఆ లోయలో కాదు. తార్నాకలో, లిఫ్టు ఎప్పుడూ పనిచెయ్యని అపార్టుమెంటు మూడో అంతస్తులో.

వకుళ భాషాశాస్త్రం మనిషి. చచ్చిపోతున్న భాషలకి వ్యాకరణాలు రాయడం ఆవిడ పని. నేను రేడియోలో సౌండ్ ఇంజనీరుగా చేసి, ముందుగానే రిటైర్‌మెంటు తీసుకుని ఆవిడ వెనక మైకులు మోసేవాణ్ణి. వ్యాకరణం అంటే నాకు చిన్నప్పటి నుంచీ పడదు. ఆవిడ క్రియల గురించి చెప్పడం మొదలెడితే నేను బ్యాటరీలు సర్దుకునేవాణ్ణి. "మీకు చెవులున్నాయి గానీ వినికిడి లేదండీ" అని నవ్వేది.

అప్పటికి ఆ లోయలో లోరుం వచ్చిన ఆఖరి మనిషి ఓమెయ్ అవ్వ. కర్రల మీద నిలబెట్టిన వెదురిల్లు, మధ్యలో మూడు రాళ్ళ పొయ్యి, చుట్టూ పొగ. ఆవిడకి పక్క ఊళ్ళ భాష వచ్చు. బేరసారాలూ యోగక్షేమాలూ అందులోనే. మనవరాలు యాతిర్ హాస్టల్లో చదువుకున్న పిల్ల, నర్సు. లోరుం రాదు. మాకూ అవ్వకీ మధ్య హిందీలో దుబాసీ ఆ పిల్లే.

వకుళ అవ్వకి ఎదురుగా కూర్చుని, నీళ్ళ చెంబు చూపించి, మీ భాషలో దీన్నేమంటారు అని అడిగింది. అవ్వ ముఖం తిప్పుకుంది. కుక్కని చూపించింది. అవ్వ లేచి పొయ్యి దగ్గరకి వెళ్ళిపోయింది. అక్కడ కూర్చుని మంటని చూస్తూ తనలో తను ఏదో అనుకుంటూండేది. వెళ్ళిన ప్రతిసారీ ఇదే వరస. కట్టెల చిటపటల్లో ముసలమ్మ గొణుగుడు రికార్డింగుకి దేనికి పనికొస్తుందని నేను మెషీను ఆపేసేవాణ్ణి.

అప్పుడే ఫణీంద్ర తన పెట్టె పట్టుకుని వచ్చాడు. ఆయన వకుళ పనిచేసే సంస్థలో మెదడు మీద పరిశోధనలు చేసే డాక్టరు. పెట్టెలో రెండు టోపీలు. ఒకటి మాట్లాడేవాళ్ళకి, ఇంకోటి వినేవాళ్ళకి. మాట్లాడుతున్నప్పుడు ఒకరి బుర్రలో ఏ దారులు వెలుగుతాయో, వింటున్నవాళ్ళ బుర్రలో అవే దారులు తెరుచుకుంటాయి. మామిడికొమ్మకి అంటు కట్టినట్టేనని, దానికి అంటు అనే పేరు పెట్టాడు. అంతవరకూ పద్యాలూ పాటలూ మాత్రమే అలా ఎక్కించి చూశారు. భాష మొత్తం ఎక్కించడం అదే మొదలు.

"సొంత భాష కాస్త తడబడొచ్చు. కొన్నాళ్ళలో అదే సర్దుకుంటుంది" అన్నాడు.

"నీకున్న భాషలు చాలవా?" అన్నాను వకుళతో.

"అవ్వ పోయిన రోజున ఆవిడ భాషలో ఆవిడ కోసం ఏడ్చేవాళ్ళు ఒక్కరూ ఉండరండీ" అంది. ఆ తరవాత నేను ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు.

అవ్వ ఒప్పుకోదనుకున్నాం. ఒప్పుకుంది. తనే టోపీ సరిచేసుకుని, వకుళ రెండు చేతులూ పట్టుకుని, కళ్ళలోకి చూస్తూ మొదలెట్టింది. పొద్దు వాలేదాకా ఆపలేదు. ఏ చెంబుకీ ఏ కుక్కకీ నోరు విప్పని మనిషి నదిలా మాట్లాడింది. "చూశారా, మెల్లిగా దారికొచ్చింది!" అని ఫణీంద్ర నా భుజం తట్టాడు. నేనూ సంతోషించాను. యాతిర్ ఒక్కతే గుమ్మంలో నిలబడి ఎందుకో గోళ్ళు కొరుక్కుంది.

ఆ వారంలోనే అవ్వ పోయింది. వకుళ ఆవిడ పక్కన కూర్చుని లోరుంలో ఏడ్చింది. అనుకున్నది సాధించిందని నేను పక్కనే గర్వంగా నిలబడ్డాను.

తిరుగు ప్రయాణంలో రైల్లో మంచినీళ్ళు అనబోయి ఆగిపోయింది. నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక పాలవాడి ముందు నిలబడి రెండు పాకెట్లు అని వేళ్ళతో చూపించింది. వాళ్ళ చెల్లెలు ఫోన్ చేస్తే విని, విని, ఫోన్ నా చేతికిచ్చింది. తెలుగు వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ ఇంగ్లీషునీ హిందీనీ కూడా వెంట తీసుకుపోయింది. ఆఖరికి 'ఏవండీ' ఒక్కటి మిగిలింది. దానితోనే ఇల్లంతా నడిచేది. ఒకరోజు పొద్దున్న కాఫీ పట్టుకొచ్చి, నోరు తెరిచి, నా వంక చూసి, మళ్ళీ మూసుకుంది. గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ కాఫీ నేను తాగలేకపోయాను.

మనిషి మాత్రం అదే మనిషి. కూరలో అదే ఉప్పు, దువ్వుకోవడంలో అదే పాపిడి. నేను తెలుగులో ఏదన్నా అంటే మర్యాదగా వింటుంది, వర్షం చప్పుడు విన్నట్టు. నాతో మాట్లాడదు, నన్ను చూడదు. చూపులు గోడ మీదో నేల మీదో. సాయంత్రమైతే పొయ్యి వెలిగించి, దానితో ఊసులు. ఏ వ్యాకరణం రాయాలని జీవితమంతా తపించిందో ఆ వ్యాకరణం మొత్తం ఆవిడ తలలో ఉంది. ఒక్క వాక్యం కూడా బయటికి చెప్పే దారి లేదు.

ఫణీంద్ర వచ్చి మైకు పెట్టి చూశాడు. ఎదురుగా కూర్చుని నీళ్ళ గ్లాసు చూపించి, ఏమంటారన్నట్టు సైగ చేశాడు. వకుళ ముఖం తిప్పుకుంది. అచ్చం ఓమెయ్ అవ్వ తిప్పుకున్నట్టే.

ఆయన మంచివాడే. చేసిన పనికి కుంగిపోయి సగమయ్యాడు. "ఒక దారుంది శంకరంగారూ. మీ తెలుగు ఆవిడకి అంటు కడదాం. మీరు ఎదురుగా కూర్చుని మాట్లాడితే చాలు. మామూలు మనిషవుతారు" అన్నాడు.

"మరి లోరుం?"

"పోతుంది. రెండూ నిలబడవని తేలిపోయింది కదా. ఇక ఎక్కడా మిగలదు" అన్నాడు.

ఆ మాట ఆయన పూర్తిచేసే లోపలే నేను సరే అన్నాను. ప్రపంచంలో ఒక భాష పోతే పోనీ. నా ఇంట్లో ఒక మనిషి కావాలి నాకు. చిన్న పరీక్షలేవో ఉన్నాయనీ, ఆ నెల చివర చేద్దామనీ అన్నాడు.

ఆ మధ్యలో ఒక ఆదివారం మధ్యాహ్నం యాతిర్ వచ్చింది. అవ్వ పోయాక హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందట. వెదురు చిగుళ్ళ పచ్చడి సీసా తెచ్చింది. వకుళ ఆ సీసా మూత తీసి వాసన చూసి, కళ్ళు మూసుకుని, చాలాసేపు అలాగే నిలబడిపోయింది. మా ఆవిడకి ఆ వాసనంటే పడేది కాదు. ఇప్పుడు సీసాని గుండెకి పట్టుకుంది. ఆ పిల్లకి మాత్రం ముఖం చూపించలేదు.

"నా మీద కోపమా అంకుల్?" అంది యాతిర్ హిందీలో.

"నీ ఒక్కదాని మీదే అయితే బాగుణ్ణు" అన్నాను.

సాయంత్రమైంది. వకుళ పొయ్యి వెలిగించి బెండకాయలు తరుగుతూ మొదలెట్టింది. నేను అలవాటుగా రిమోట్ తీశాను. యాతిర్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంకో చేత్తో టీ కప్పు పట్టుకుని వంటింటి వైపు చెవి పెట్టింది.

"ఎప్పటి నుంచి ఇలా?"

"వచ్చిన దగ్గరి నుంచీ. నేను గిట్టను. పొయ్యి అంటే ప్రాణం."

"అమ్మమ్మ కూడా ఇంతే" అంది యాతిర్. "హాస్టల్ నుంచి సెలవులకి ఇంటికొస్తే, తిన్నావా, జ్వరం తగ్గిందా అని పక్కూరి భాషలో ముఖం చూసే అడిగేది. లోరుం మాత్రం నా ముఖం చూసి ఒక్క ముక్క మాట్లాడలేదు. పొయ్యి దగ్గర కూర్చుని దానితోనే. నేను పక్కనే పడుకుని ఫోన్ చూసుకునేదాన్ని. చదువుకోడానికి వెళ్ళిపోయానని కోపమనుకున్నాను." ఆ పిల్ల ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. "అమ్మ చెప్పేది అంకుల్. మా పాత ఇళ్ళల్లో ఎవరూ ఎవరికీ ఎదురుగా మాట్లాడేవాళ్ళు కాదట. చెప్పాల్సిందంతా పొయ్యికి చెప్పేవాళ్ళట. చుట్టూ కూర్చున్నవాళ్ళు వినేవాళ్ళట. పిల్లలకి మాటలు అలాగే వచ్చేవట. పాతకాలం కబుర్లులే అనుకున్నాను."

"మరి ఎవరూ ఎవరి ముఖమూ చూసి మాట్లాడరా?"

"ఒక్కసారి. ఇక వెళ్ళిపోయేటప్పుడు. చనిపోయేవాళ్ళు తమ మనిషి చేతులు పట్టుకుని, కళ్ళలోకి చూసి చెప్తారు."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. వెదురింట్లో ఆ మధ్యాహ్నం నాకు మళ్ళీ కళ్ళకి కట్టింది. దారికొచ్చిందని మేం భుజాలు తట్టుకున్న వేళ అవ్వ మాకు చివరి మాటలు చెప్తోంది. అంతకుముందు బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, మైకు పెట్టి, చెప్పు చెప్పు అని మేం అడిగింది చావమనే. ఆవిడ నిజంగా చెప్పదలుచుకున్నవి పొయ్యికి చెప్తూంటే, నేను పనికిరాదని మెషీను ఆపేశాను.

"పోయే ముందురోజు నా చేతులు కూడా పట్టుకుంది" అంది యాతిర్. "ఏదో చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏం చెయ్యాలో తెలియక నవ్వాను అంకుల్. నవ్వాను." కప్పు కింద పెట్టి రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది.

వంటింట్లో వకుళ మాటలు ఆగాయి. కాసేపటికి మళ్ళీ మొదలయ్యాయి, ఈసారి ఇంకా మెల్లిగా, బుజ్జగిస్తున్నట్టు. పొయ్యి వైపు తిరిగే.

అంటులో వచ్చింది భాష ఒక్కటే కాదు. ఆ భాషని ఎవరితో ఎలా మాట్లాడాలో అదీ వచ్చింది. ఇన్నాళ్ళూ మా ఆవిడ రోజూ సాయంత్రం నాతోనే మాట్లాడుతోంది. నేనేమో టీవీ సౌండు పెంచుతూ కూర్చున్నాను.

మర్నాడు కుర్చీ తీసుకెళ్ళి పొయ్యి పక్కన వేసుకున్నాను. వకుళ నన్ను చూడలేదు. బెండకాయల పళ్ళెం మాత్రం ఇటు జరిపి, నా మోకాళ్ళకి చోటిచ్చింది.

వినడం మొదలెట్టాను. అర్థాల జోలికి పోలేదు. వృత్తి నేర్పిన విద్య ఒకటుంది కదా, శబ్దాన్ని శబ్దంగా వినడం. ఏ ముక్క ఎప్పుడు తిరిగొస్తోందో పట్టుకున్నాను. నేను మెట్లెక్కి వచ్చిన రోజుల్లో 'కెతో' వినిపించేది. చెత్త పారెయ్యడానికి కిందికి దిగబోతే 'కెయూ'. ఎదురింటావిడ వచ్చి వెళ్తే ఇంకేదో. ఆ భాషలో మనిషి ఊరికే రాడు, ఊరికే పోడు. కొండ ఎక్కుతాడు, దిగుతాడు, లేదా అడ్డంగా నడుస్తాడు. తిరిగొచ్చిన కొత్తలో వకుళ గుమ్మంలో నిలబడి, వచ్చేపోయేవాళ్ళకి చెయ్యి పైకి ఊపాలో కిందికి ఊపాలో తెలియక తికమకపడేది. అదెందుకో అప్పుడు తెలిసింది. లిఫ్టు పాడైపోవడమే మంచిదైంది. మెట్లు ఉండబట్టి మా అపార్టుమెంటుకి ఎగువా దిగువా ఉన్నాయి.

ఒక సాయంత్రం పాలు కాస్తూ చెప్తున్నదాంట్లో ఒక ముక్క దగ్గర నా చెవి ఆగింది. మళ్ళీ వచ్చింది. 'షంక్రం.' నా పేరు! ఇన్నేళ్ళ కాపురంలో మా ఆవిడ నా పేరు పలకలేదు. బ్యాంకులో అడిగితే కాగితం మీద రాసి చూపించేది. ఇప్పుడు పొయ్యికి చెప్తోంది. షంక్రం కెతో. శంకరం ఎక్కివచ్చాడు. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఇద్దరం కలిసి తుడిచాం, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా.

ఇంత తెలిశాక అంటు వద్దనుకున్నానా అంటే, లేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? నాకు 'ఏవండీ' కావాలి. పేపరు చదువుతూ ఆవిడ మీద విసుక్కోవడం కావాలి. బావమరిది గురించి చాడీలు చెప్పుకోవడం కావాలి. వచ్చీరాని ముక్కలు నాలుగు ఏరుకుని ముసలితనమంతా గడపగలనా? చెప్పిన రోజున వకుళని తీసుకుని ల్యాబుకి వెళ్ళాను.

టోపీలు చూడగానే ఆవిడకి తెలిసిపోయింది. పేచీ పెట్టలేదు. బుద్ధిగా కుర్చీలో కూర్చుంది. ఫణీంద్ర వినే టోపీ ఆవిడకి పెట్టాడు, మాట్లాడే టోపీ నాకు పెట్టాడు.

"మొదలెట్టండి. ఏదైనా సరే, మీ పెళ్ళి కబుర్లు చెప్పండి" అన్నాడు.

నోరు తెరిచాను. అప్పుడు వకుళ నా రెండు చేతులూ పట్టుకుంది. తల ఎత్తి, నా కళ్ళలోకి చూసింది.

ఇంటికి తిరిగొచ్చాక ఆవిడ అలా చూడటం అదే మొదలు. ఆ చూపు కోసం ఎన్ని సాయంత్రాలు ఎదురుచూశానో! తీరా పడింది వెళ్ళిపోయేవాళ్ళు చూసే చూపు. ఆవిడ మాట్లాడటం మొదలెట్టింది. పాలు అంది, ఉప్పు అంది, మెట్లు అంది. నా పేరు అంది. అన్నీ అర్థం కాలేదు. కానీ మళ్ళీ మళ్ళీ వస్తున్నది 'కెయూ'. దిగి వెళ్తున్నాను. వెళ్ళొస్తాను కాదు, దిగి వెళ్తున్నాను. నాకు వీడ్కోలు చెప్తోంది. నేను ఆవిణ్ణి వెనక్కి తెచ్చుకుందామని వచ్చాను. ఆవిడ చనిపోవడానికి సిద్ధమై కూర్చుంది. పైగా నా కోసమే.

ఇన్నాళ్ళూ పొయ్యి పక్కన నాకు చోటిచ్చిన మనిషి ఎవరు మరి? వెదురు చిగుళ్ళ సీసా గుండెకి పట్టుకున్నదెవరు? నా పేరు పలికిందెవరు? ఆ మనిషిని నా నోటితో, నా తెలుగుతో చంపాలా?

నాకూ ఆ కళ్ళలోకి చూస్తూ ఏదో ఒకటి చెప్పాలనిపించింది. వద్దని చెప్పాలనిపించింది. కానీ ఎదురుగా చెప్తే దానికి అర్థం వేరు. చేతులు విడిపించుకున్నాను. అతి కష్టం మీద ఆవిడ మీంచి చూపు తిప్పేసుకున్నాను. గదిలో పొయ్యి లేదు. మూల బల్ల మీద ఫణీంద్ర కాఫీ నీళ్ళు కాచుకునే కరెంటు కెటిల్ ఉంది. దాని వైపు తిరిగి, జీవితంలో మొదటిసారి లోరుంలో నోరు విప్పాను.

"వకుళ కెతో. షంక్రం కెతో."

ఎక్కుదాం అన్నానో, ఎక్కారు అన్నానో నాకే తెలియదు. మన ఇల్లు పైన ఉంది, ఇద్దరం పైకి వెళ్దాం అని నా ఉద్దేశం. కెటిల్ నన్ను చూస్తూ ఊరుకుంది. తరవాత వకుళ నవ్వింది. అదే నవ్వు, చెవులున్నాయి గానీ వినికిడి లేదని నవ్వే నవ్వు. కెటిల్ వైపే తిరిగి, నా వాక్యాన్ని సరిచేసి మళ్ళీ చెప్పింది.

"ఏమైందండీ? మీరు తెలుగు మొదలెడితే మెషీను ఆన్ చేద్దామని చూస్తున్నాను" అన్నాడు ఫణీంద్ర.

"చెయ్యకండి" అని టోపీ తీసి ఆయన చేతిలో పెట్టాను. "మా ఆవిడ బతికే ఉంది."

ఆటోలో ఇద్దరం డ్రైవరు వీపుకి చెప్పుకుంటూ ఇంటికొచ్చాం.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. వ్యాకరణం అంటే పడనివాణ్ణి, ఇప్పుడు పొద్దున్నే కూర్చుని వ్యాకరణం రాస్తున్నాను. ఎక్కే క్రియలు, దిగే క్రియలు, కళ్ళారా చూసి చెప్పే మాటకీ ఎవరో అంటే విని చెప్పే మాటకీ ఉండే తేడాలు. తప్పులుంటాయి. సాయంత్రం పొయ్యి దగ్గర వకుళ దిద్దుతుంది. సుఖంగా ఉన్నానని మాత్రం అనను. ఏదైనా మంచి తెలుగు మాట తడితే తలెత్తి చూస్తాను. చెప్పుకునేందుకు ఇంట్లో ఎవరూ లేరు. ఈ కథ కూడా ఆవిడ చదవదు. కొన్ని మధ్యాహ్నాలు బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి, నాకు నేనే 'ఏవండీ' అని పిలుచుకుంటాను.

యాతిర్ సెలవు దొరికినప్పుడల్లా వస్తుంది. మా వెనక పీట వేసుకుని ఉల్లిపాయలు తరుగుతుంది. మేం ఆ పిల్లతో లోరుం మాట్లాడం. ముఖం చూడం. మా మానాన మేం పొయ్యికి ఏవో చెప్పుకుంటాం.

మొన్న నేను పొయ్యికి వాన గురించి చెప్తున్నాను. వాళ్ళ లోయలో కొండ మీంచి దిగొచ్చే సన్నటి వానకి వేరే పేరుంది. అది ఎంతకీ గుర్తు రాలేదు. వకుళ అందించలేదు, ఆగింది. నేనూ ఆగాను. కుక్కర్ విజిల్ వేసింది. అప్పుడు మా వెనక నించి, ముక్కు ఎగబీలుస్తూ, చిన్న గొంతుతో ఆ మాట వచ్చింది. మాకు కాదు, పొయ్యికి చెప్పింది.

వకుళ చేతిలో గరిటె ఆగిపోయింది. మంట తగ్గించి, ఆ మాటని మళ్ళీ ఒకసారి పొయ్యికి చెప్పింది. తిరిగి చూడాలని నా మెడ ఒకటే లాగేస్తోంది. ఆవిడకీ అంతే, గరిటె గట్టిగా పట్టుకుని నిలబడింది. అయినా ఇద్దరం తిరగలేదు. ఆ పిల్ల ఇంకా చాలా మాట్లాడాలి.